రెక్క తెగిన బంగారు నాణెం

పూర్వం ముత్యాలరేవు రాజ్యానికి రోమక దేశం నుంచి ఓడల్లో బంగారు నాణేలు వచ్చేవి. వాటికి ఒకవైపు ఆకుల కిరీటం పెట్టుకున్న రాజు, రెండోవైపు రెక్కలు చాచిన కన్య ఉండేవారు. లోపల రాగి దాగి ఉందేమో తెలుసుకోవడానికి కంసాలులు ఉలితో రాజు చెంప మీద గాటు పెట్టేవారు. కన్య జోలికి మాత్రం ఎవరూ పోయేవారు కారు. అది ఆ రేవు ఆచారం.

కంసాలి విధికుడి కూతురు సిరికకు చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు. ఒకరోజు స్నేహితురాళ్లకు తన పనితనం చూపించాలని, నాణెం ఏ వైపు ఉందో చూడకుండా ఉలి దించింది. కన్య రెక్క తెగింది. ఆ క్షణమే గాలి ఆగిపోయింది. నడిసముద్రంలో ఓడల తెరచాపలు వేలాడిపోయాయి. ఒక ఓడలో సిరిక అన్న కన్హడున్నాడు. వాళ్ల తాగునీరు ఏడు రోజులకే సరిపోతుంది.

"అయ్యో, ఎంత పని చేశాను!" అని సిరిక ఏడుస్తుంటే, నాణెం మీది రాజు పెదవి కదిలింది.

"చెంప మీద గాట్లు మాకు అలవాటే తల్లీ. కానీ ఈమె గాలిని నడిపే కన్య. నల్లకొండ గుహలో జ్వాలకేశి అనే రాక్షసికి కొలిమి ఉంది. రెక్క అతికేది అక్కడే."

సిరిక నాణేన్ని కొంగున ముడివేసుకుని బయలుదేరింది. ముళ్లడవి దాటింది. మొసళ్ల వాగును తెప్ప మీద దాటింది. అడ్డగించిన ఎలుగుబంటికి తేనెపట్టు దింపిపెట్టి, దాని వీపెక్కి ఐదోనాటికి గుహ చేరింది.

"అతకడానికి బంగారం కావాలే పిల్లా!" అంది జ్వాలకేశి. "ఏది పడితే అది కాదు. ఇస్తుంటే నీ ప్రాణం విలవిల్లాడాలి."

సిరిక రెక్క తెగిన నాణేన్ని కొలిమిలో ఉంచి, తన గాజులు వేసింది. కొలిమి రాజుకోలేదు. కమ్మలు వేసింది. పొగైనా రాలేదు.

"మెడలో దాస్తున్నదేమిటే?"

అది చనిపోయిన అమ్మ గొలుసులోని నాణెం. అమ్మ రోజూ నిమిరి నిమిరి దాని మీది రాజు ముఖం నున్నగా అరిగిపోయింది. అమ్మ వేలి గుర్తు లోకంలో అదొక్కటే మిగిలింది.

"ఇది వద్దవ్వా, ఇంకేదైనా అడుగు!"

"నేను అడగడం లేదే, కొలిమి అడుగుతోంది," అంది రాక్షసి, ఈసారి మెత్తగా.

సిరిక అన్నను తలచుకుంది. అమ్మ నాణేన్ని ఒకసారి చెంపకు ఆనించుకుని కొలిమిలో వేసింది. మంట భగ్గుమంది. రెక్క అతికింది. కన్య రెక్కలు విదిల్చగానే గాలి కొండ దిగి సముద్రం వైపు పరుగెత్తింది.

సిరిక తిరిగివచ్చేసరికి ఓడలన్నీ రేవులో ఉన్నాయి. ముత్యాలరేవు రాజు ఆమెను సభకు పిలిచి, రేవుకు వచ్చే బంగారాన్నంతా పరీక్షించే అధికారం ఇచ్చాడు. ఊరంతా సంబరాలు చేసుకుంది. కన్హడు మాత్రం చెల్లెలి మెడ చూసి, "అమ్మ నాణెం ఏదే?" అన్నాడు. సిరిక చెప్పింది.

పెద్దదయ్యాక కూడా సిరిక ఉలి ఎత్తే ముందు నాణేన్ని రెండుసార్లు తిప్పి చూసేది. అప్పుడు ఆమె చెయ్యి దానంతటదే మెడ దగ్గరకు వెళ్లేది. అక్కడ ఏమీ ఉండేది కాదు.