అడగకుండా పెట్టిన సంతకం

"నీకు ఇయ్యాల్టి నుంచి పని లేదమ్మా, సంగీతా!"

గేటు దగ్గర వాచ్‌మెన్ అన్న ఆ మాటకు సంగీత అన్నం డబ్బాతో ఉన్నచోటే ఆగిపోయింది! అశ్వారావుపేట పామాయిల్ మిల్లులో ఏళ్ల తరబడి ట్రాక్టర్ల మీది గెలలు దించిన చేతులవి! చలికాలంలో గెలలు తగ్గితే కొందరిని ఆపడం మామూలే. కానీ చివర చేరినవాళ్లే ముందు ఆగాలని యూనియన్ ఒప్పందం ఉంది కదా... మరి తనెందుకు?

"కొత్త ఒప్పందంల ఆ షరతు తీసేసిండ్రమ్మా. ఒక్క ఇంట్ల ఇద్దరు చేస్తుంటే, మళ్ల గెలలొచ్చేదాక ఒకరు ఆగాలె. సంతకం పెట్టింది మీ ఆయనే గదా... చెప్పలేదా?"

చెప్పలేదు! యూనియన్ సెక్రటరీ హాతీరాం, తాళి కట్టిన మొగుడు, పొద్దున తను చేసిన రొట్టె తిని, ముఖం చూడకుండా మిల్లు డ్యూటీకి వెళ్లిపోయాడు! ఊరందరికీ తెలిసిన సంగతి ఇంటి ఇల్లాలికి తెలియదు! ఇంటికెలా వచ్చిపడిందో ఆమెకే తెలియలేదు. కబురు విని హాతీరాం వెనకే పరుగున వచ్చాడు.

"పాత పద్ధతే ఉంటే ముందు దుర్గ పోయేది, సంగీతా..."

దుర్గ! సంగీతకు మరదలు, చనిపోయిన తమ్ముడి భార్య. ఇద్దరు పసివాళ్లతో నిరుడే మిల్లులో చేరింది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె కూలితోనే.

"గట్లాంటోళ్లు ఇంకా ఉన్నరు. వాళ్లను ఉంచాలని నేనే కొట్లాడిన. మన ఇంటికి మాత్రం వద్దని ఏ ముఖం పెట్టుకొని అడుగుత?"

"నన్ను అడగకపోతివి!"

"అడిగితే కాదనవని తెలుసు..."

"తెలిస్తే అడగడానికేంది నొప్పి?" సంగీత అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది. "ఒకరు ఆగాలన్నరు. ఆ ఒకరు నేనేనని ఎవరు చెప్పిండ్రు నీకు?"

ఆ ప్రశ్న హాతీరాంకు అంతవరకూ తట్టనే లేదు...

అంతలో దుర్గ ఏడుస్తూ వచ్చి కాళ్ల మీద పడింది. "వదినా! నీ కడుపు కొట్టిన పని నాకొద్దు... నేను పోను!"

"లే! పిల్లల నోట్ల మట్టి కొడతవా? నువ్వు పోకుంటే నా నౌకరీ ఊకనే పోయినట్టు. జల్దీ నడువు!" తన కోసం కట్టుకున్న అన్నం డబ్బా దుర్గ చేతిలో పెట్టి, గడప దాటేదాకా వెంట నడిచింది. అప్పటిదాకా ఆపుకున్న కన్నీళ్లు ఒక్కసారి పొంగుకొచ్చాయి!

"తప్పయింది..." హాతీరాం తల దించుకున్నాడు.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మళ్ల ఒప్పందం మాట్లాడేనాడు నన్ను గూడ కూసోబెట్టు. ఆగుమంటే ఆగుత... గని ఆ మాట నా నోటితో నేనే చెప్త!"