జక్కయ్య షెడ్డులో వెలగని హీటరు

శావల్యాపురం దాటి నూజెండ్ల వైపు పోతుంటే రోడ్డుకు ఎడంపక్క, మిరపచేల మధ్య, ఒక కోళ్ల షెడ్డు ఉంది. దాని ముందు బీడీ వెలగదని పేరు. ఒక పుల్ల గీస్తే ఆరిపోతుంది... రెండోదీ ఆరిపోతుంది... మూడోది గీసే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ రాలేదట.

అక్కడ కాపలా ఉండే జక్కయ్య అందులోనే చచ్చిపోయాడు. పుష్యమాసం చలిలో రాత్రి పడుకున్నవాడు పడుకున్నట్టే తెల్లారేసరికి బిగుసుకుపోయాడు. ఒంటి మీద గాయం లేదు, పాముకాటు లేదు. చుట్టూ కోడిపిల్లలు కూడా — ఒక్కటి మిగల్లేదు. ఆ తర్వాత మూడేళ్లు షెడ్డు తలుపు తీసినవాళ్లు లేరు. జక్కయ్య గొంతు నులిమిందెవరో చెప్పమంటే మాత్రం, ఊళ్లో ఎవరి దెయ్యం వాళ్లకుంది.

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. ముందే చెబుతున్నాను. మొన్న గ్యాస్ పొయ్యి బాగుచేయించడానికి వినుకొండలో మీరా సాహెబ్ కొట్టుకు వెళ్తే, ఆయన చెప్పింది ఇది. నలభై ఏళ్లుగా పొయ్యిలు, పెట్రోమాక్స్ లైట్లు బాగుచేస్తున్న మనిషి. అబద్ధం చెబితే ఆయనకు ఒరిగేదేమీ లేదు.

పోయిన చలికాలం ఆ షెడ్డును రేవతి అనే ఆమె కౌలుకు తీసుకుంది. రెండేళ్లు వరసగా మిరప ముంచేసింది, ఇక ఈ కోళ్లే దిక్కు. ఊరంతా వద్దంటే, "మిర్చి కంటే దెయ్యమే నయంలే" అందట. నాకు ఆ మాట చాలా నచ్చింది.

పదిహేను వందల కోడిపిల్లలు దిగాయి. ఒక్కరోజు వయసువి. వాటికి రాత్రంతా వెచ్చదనం కావాలి. లేకపోతే చలికి ఒకదాని మీద ఒకటి ఎక్కి, అడుగునున్నవి నలిగి చచ్చిపోతాయి.

పిల్లలు దిగిన సాయంత్రమే కరెంటు పోయింది. లైన్‌మన్ తెల్లారాక చూస్తానన్నాడు. రేవతి షెడ్డు మూలన పడి ఉన్న పాత కిరసనాయిలు హీటరు బయటికి తీసింది. ఎన్ని పుల్లలు గీసినా అంటుకోలేదు. అప్పుడు మీరా సాహెబ్‌కు ఫోన్ చేసింది.

"ఏ షెడ్డు తల్లీ?"

చెప్పింది.

"వేరే ఎవరినన్నా చూసుకోమ్మా..." అన్నాడు మీరా సాహెబ్. ఫోన్ పెట్టేయబోయాడు. కానీ ఆమె వెనక కోడిపిల్లల అరుపు వినపడుతోంది — సన్నగా, ఆగకుండా. పనిముట్ల సంచి మోపెడ్‌కు తగిలించుకుని బయల్దేరాడు.

షెడ్డులోకి రాగానే ఆయన ముందు చూసింది హీటరును కాదు, గోడల బదులు కట్టే పరదాలను. రెండు వైపులా పైదాకా లాగి, తాళ్లు బిగించి, సందుల్లో గోతాలు కుక్కి ఉంది. చలికాలంలో పిల్లలున్న షెడ్డును అందరూ అలాగే కడతారు.

తర్వాత హీటరు చూశాడు. ఇనప పిడి ఎప్పుడో ఊడిపోతే, దాని బదులు ఎవరో కొబ్బరితాడు కట్టారు. రెండు మెలికలు వేసి, కొస లోపలికి దోపిన ముడి. మేకలు కాసినవాళ్లు వేసే ముడి అది. ఆ ముడి ఆయన ఎరుగును.

టార్చి వెలుగులో పని మొదలుపెట్టాడు. ముందు ఆయిలు. కొంచెం సీసాలోకి వంచి చూస్తే అడుగున నీటిబొట్లు. రేషన్‌లో కిరసనాయిలు ఆగిపోయి ఏళ్లయింది, ఎవరింటి డబ్బాలోనో మూలుగుతున్న సరుకది. నీళ్లు పారబోసి పైన తేరినదాన్ని మాత్రమే పోశాడు. తర్వాత వత్తి. దాని అంచు మాడి పెంకు కట్టింది. ఆ పెంకును కత్తెరతో సమంగా కోసేశాడు. గాలి రంధ్రాల్లోని బూజు పిన్నీసుతో లాగేశాడు. వత్తికి ఆయిలు ఎక్కేదాకా కాసేపు కూచున్నాడు.

పుల్ల గీశాడు. అంటుకుంది! మంట వత్తి చుట్టూ పాకడం మొదలుపెట్టింది... సగం దూరం వచ్చింది...

ఉఫ్.

ఆరిపోయింది.

మళ్లీ గీశాడు. సగం దూరం... ఉఫ్. మూడోసారి ఆయన వత్తిని చూడలేదు, చేతిలోని పుల్లను చూశాడు. వత్తి మీద మంట ఆరిపోయింది. జానెడు దూరంలో పుల్ల మీది మంట మాత్రం కదలకుండా నిటారుగా ఉంది. గాలి వీస్తే రెండూ ఆరాలి కదా!

"బాబాయ్..." రేవతి వెనక్కి జరిగింది. "ఎవరో... ఊదతన్నారు."

"నువ్వు పిల్లల్ని చూసుకో."

ఆమె మోకాళ్ల మీద కూచుని, గుట్టగా ఎక్కిన పిల్లల్ని రెండు చేతులతో విడదీస్తోంది. చల్లబడ్డవాటిని కొంగులో వేసుకుంటోంది. ఉన్నట్టుండి — పదిహేను వందల గొంతులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

పడమటి పరదా దగ్గర, తాడు గుంజకు కొట్టుకుంటున్న చప్పుడు. టక్... టక్... తలుపులోంచి బయటికి చూస్తే ఆకు కూడా కదలడం లేదు.

రేవతికి ఏడుపు ఆగలేదు. "ఇయ్యి కూడా పోతే నేనిక లేవలేను బాబాయ్. ఎట్టాగైనా ఎలిగించు. ఎలిగితే చాలు... గాలి చొరకుండా అంతా కట్టేశా. దాని పక్కనే మంచం ఏసుకుని పడుకుంటా."

మీరా సాహెబ్ చేతిలో అగ్గిపెట్టె జారిపోయింది.

సరిగ్గా ఇదే మాట. మూడేళ్ల కిందట ఇదే హీటరు బాగుచేయించుకుని, కొట్టు అరుగు మీద కూచుని పిడికి తాడు కట్టుకుంటూ జక్కయ్య అన్నాడు — గాలి చొరకుండా కట్టేసి దాని పక్కనే పడుకుంటా సాయిబూ అని. ఒక్క పుల్లకే వెలిగేటట్టు చేసి ఇచ్చి, "హాయిగా పడుకో పో" అన్నాడు మీరా సాహెబ్.

జక్కయ్యను చంపింది దెయ్యం కాదు. మూసేసిన షెడ్డులో ఆ హీటరు వదిలిన విషపుగాలి. అది మీరా సాహెబ్‌కు మర్నాడే అర్థమైంది. మూడేళ్లుగా ఎవరికీ చెప్పుకోలేదు.

"జక్కయ్య చావు నా వల్లేనమ్మా," అన్నాడు. ఆమెకే చెప్పాడో, చీకటికే చెప్పాడో ఆయనకే తెలియదు. "ఒక్క మాట చెప్పలా నేను. పరదా పైన జానెడు సందు వదలమని చెప్పలా. ఇది మండుతా ఉంటే దీని పక్కన పడుకోవద్దని చెప్పలా. నువ్వు పడుకోబాక తల్లీ... ఇందులో పడుకోబాక."

లేచి తూర్పు పరదా తాడు వదులు చేసి పైన జానెడు దించాడు. నాలుగు చుక్కలు కనిపించాయి. వెనక్కి వచ్చి పుల్ల గీశాడు.

మంట వత్తి చుట్టూ పూర్తిగా తిరిగింది. నీలంగా, పొగ లేకుండా నిలబడింది. కోడిపిల్లలు మళ్లీ కిచకిచలాడుతూ హీటరు చుట్టూ సర్దుకున్నాయి.

రాత్రంతా వాళ్లిద్దరూ తలుపు బయట దుప్పట్లు కప్పుకుని కూచున్నారు. అరగంటకోసారి కలిసే లోపలికెళ్లి చూసొచ్చారు. పదకొండు పిల్లలు పోయాయి, మిగతావన్నీ బతికాయి.

ఇక్కడిదాకా విని నేను ఊరుకోలేదు. "వత్తి సరిగ్గా నానక ఆరిపోయుంటుంది సాయిబు గారూ. మీరు ఆమెకు జక్కయ్య సంగతి చెప్పేసరికి నానింది, వెలిగింది. అంతే!"

"అంతే అయ్యుంటదిలే," అన్నాడు నా పొయ్యి బర్నరు తుడుస్తూ. "తెల్లారిందాకా నేనూ అట్టానే అనుకున్నా."

తెల్లారాక రేవతి అడిగిందట — "బాబాయ్, పడమటి పరదా ఎప్పుడు దించావ్?"

ఆయన దించలేదు. ఆమె దించలేదు. వెళ్లి చూస్తే, తూర్పున ఉన్నంతే సందు — జానెడు.

"గాలి ఒకవైపు నించి వచ్చి ఇంకోవైపు పోవాల బాబూ. ఆ కంగారులో నేను ఒక్కవైపే వదిలా. చానా తప్పు. రెండోసారి కూడా అదే తప్పు చేశా," అన్నాడు మీరా సాహెబ్. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

దించిన పరదాను గుంజకు తాడుతో కట్టి ఉంది. రెండు మెలికలు వేసి, కొస లోపలికి దోపి. షెడ్డు తాళ్లన్నీ నైలానువి, ఇది పాత కొబ్బరితాడు. ఇద్దరూ పరుగున హీటరు దగ్గరికి వచ్చారు.

హీటరు వెలుగుతూనే ఉంది. పిడికి కట్టిన తాడు మాత్రం లేదు.