కనపడని కవల ఫైలు

సుధాకర్‌కి కడుపునిండా భోజనం పెట్టి మరీ చంపారు.

కోటిపల్లి రేవు దగ్గర తేలిన శవం మెడ చుట్టూ వైరు ఉంది. పొట్టలో రొయ్యల వేపుడు, పనసపొట్టు కూర అరక్కుండా ఉన్నాయని డాక్టరు రాశాడు. ఆ ఒక్క మాటతో హంతకుడెవరో సుధాకర్ పనిచేసిన నిఘా డిపార్ట్‌మెంటుకి అర్థమైపోయింది. చలపతి! పైకి యానాం పక్కన రొయ్యల చెరువుల ఆసామి, లోపల విదేశీ ముఠాకి ఏజెంటు. చంపదలుచుకున్న మనిషికి తన చేత్తో వడ్డించడం అతని అలవాటు. మర్యాదస్తుడు కదా, యముడి దగ్గరికైనా ఖాళీ కడుపుతో పంపడు.

రాజమండ్రిలో చీరల కొట్టు మేడమీద రహస్య ఆఫీసు. చీఫ్ ఉమాశ్రీ ఒక పెన్‌డ్రైవ్‌ని ఏజెంట్ ఉదయ్‌భాస్కర్ ముందుకి తోసింది.

"చనిపోయే ముందు సుధాకర్ మధులత చేతికిచ్చి పంపిన పెన్‌డ్రైవ్ ఇది. సీలు కూడా విప్పలేదంటోంది ఆవిడ. తెరవండి."

"మూడు ఫైళ్ళున్నాయండి."

"కంప్యూటర్ని దాచిన ఫైళ్ళు కూడా చూపించమనండి."

ఉదయ్ క్లిక్ చేశాడు. మూడు కాస్తా ఆరయ్యాయి. ప్రతి ఫైలు పక్కనా అదే పేరుతో, ముందు చుక్కా గీతా తగిలించుకున్న పిల్ల ఫైలు ఒకటి. ఉదయ్ మొహంలో రంగు మారింది.

"ఇది ఆపిల్ వాళ్ళ మ్యాక్ కంప్యూటర్ చేసే పనండి. ఫైలుని మ్యాక్‌ నుంచి ఇలాంటి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే పక్కన ఈ కవలని కూడా పెడుతుంది. ఫైలు ఎక్కణ్ణించి వచ్చింది, మెయిల్లో వస్తే ఎవరు పంపారు, అన్నీ ఇందులో ఉండిపోతాయి. మ్యాక్‌లో చూస్తే కనపడదు. విండోస్‌లో పెడితే బయటపడుతుంది."

"సుధాకర్‌ది ఏ కంప్యూటర్?"

"పాత విండోస్ డబ్బా అండి."

"మన వాళ్ళలో మ్యాక్ ఎవరికుంది?"

దేవీచౌక్‌లో బొటిక్ నడుపుతూ, చలపతి పార్టీల్లో పట్టుచీరతో మెరిసిపోతూ, అక్కడి కబుర్లు ఇక్కడికి మోసే మధులతకే ఉంది. ఆమె నవ్వంటే ఉదయ్‌కి ప్రాణం. ఆమె ఆ ఫైళ్ళు మ్యాక్‌లో తెరిచి, చదివి, మళ్ళీ ఇందులో పెట్టి, తనెవరో చెప్పకుండానే సుధాకర్ పేరు చలపతికి అమ్మేసింది.

"అరెస్టు చేద్దామండి."

"ఎందుకూ? గ్యాస్ పైప్‌లైన్ వాల్వుల పాస్‌వర్డ్ చలపతి చేతిలో ఉంది. రేపు మధ్యాహ్నం మార్టిన్ అనే విదేశీయుడికి అమ్ముతున్నాడు. పనిచేస్తుందని చూపించడానికి ఏదో ఒక ఊళ్ళో వాల్వు తెరుస్తాడట. ఊరు ఊరంతా బూడిదే! పాస్‌వర్డ్ మార్చేసరికి ఎల్లుండవుతుందంటున్నారు. బేరం ఎక్కడో మనకి తెలీదు, మధులతకి తెలుసు. పైప్‌లైన్ అలారం గదిలో ఎవరెప్పుడుంటారో చెప్పే డ్యూటీ చార్టు కావాలని నన్ను తెగ అడుగుతోంది. నా పేరుతోనే మెయిల్ చేస్తాను. మ్యాక్‌ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి తనే చలపతికి పట్టుకెళ్తుంది."

"మేడమ్! ఆవిడ మన మనిషని చలపతికి తెలీదు. కవల ఫైల్లో మీ పేరు చూస్తే..."

"సుధాకర్‌కి ఇద్దరు ఆడపిల్లలు," అంది ఉమాశ్రీ.

మర్నాడు పొద్దున్న గోదావరి గట్టుమీద తాపేశ్వరం కాజాల వ్యాపారి వేషంలో ఉదయ్ కూర్చున్నాడు. మధులత కారు దిగింది.

"మడతకాజా ఉందాండీ?"

"గొట్టం కాజాయేనండి. పాకం కారదు."

కోడ్ సరిపోయింది. ఉదయ్ కొత్త పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. దాని మూతలో జీపీఎస్, బియ్యపుగింజంత మైకు ఉన్నాయి. మధులత అక్కడే మ్యాక్ తెరిచి, మెయిల్లో వచ్చిన చార్టుని అందులోకి కాపీ చేసింది.

"ఒక్క ఫైలేనాండీ?"

"ఒక్కటేనండి," అన్నాడు ఉదయ్. ఆమె స్క్రీన్ మీద నిజంగానే ఒక్కటే ఉంది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. సుధాకర్ మెడ మీద వైరు గుర్తొచ్చి మింగేశాడు.

జీపీఎస్ చెరువుల మధ్య బంగళా దగ్గర ఆగింది. గేటు బయట రొయ్యల ఐసు వ్యానులో ఉదయ్, నలుగురు కమాండోలు. ఉదయ్ చెవిలో ఆ పెన్‌డ్రైవ్ మైకు పంపుతున్న మాటలు.

"మిస్టర్ చలపతి, స్టార్ట్ చేద్దాం," అంటున్నాడు మార్టిన్.

"ఏంటండీ బాబూ ఆ తొందర! విస్తరి ముందు కూర్చున్నాక ఇంక పనేంటండీ? భోంచెయ్యండి ముందు. రండి మధులతగారూ, తెచ్చారా?"

చలపతి విండోస్ కంప్యూటర్ కీబోర్డు చప్పుడు. చలపతి ఎవర్నీ నమ్మడు, దాచిన ఫైలైనా తెరవందే వదలడు. కవల ఫైలు నిండా పిచ్చి అక్షరాలు, వాటి మధ్య ఉమాశ్రీ పేరు, మెయిల్ అడ్రసు.

"ఒరేయ్, ఆ గరిటె ఇలా తే," అన్నాడు చలపతి మెత్తగా. "అమ్మాయిగారికి నేను వడ్డిస్తాను."

మధులత ఊపిరి మైకులో గట్టిగా వినిపించింది.

"నాకు వద్దండి... ఆకలి లేదండి..."

"అలా అనకూడదమ్మా. ఇంకొంచెం పనసపొట్టు కూర వేసుకోండి. మార్టిన్‌గారూ, మీరు కానివ్వండి. ఆవిడ తినేలోగా పాస్‌వర్డున్న లాప్‌టాప్ తెస్తాను."

ఉదయ్ వ్యాను తలుపు మీద చెయ్యి వేశాడు. రెండో చెవిలో ఉమాశ్రీ గొంతు.

"ఆగండి. ఆ లాప్‌టాప్ ఎక్కడ దాచాడో తెలీదు. తెరిచేదాకా కదలద్దు."

"మేడమ్, చంపేస్తాడండి!"

"ఆగమన్నాను."

లోపల మధులత ముద్ద మింగలేక దగ్గింది. ఆమెకి అర్థమైపోయింది. పెన్‌డ్రైవ్ ఎందుకిచ్చారో, ఎవరు వింటున్నారో కూడా.

"ఉదయ్‌గారూ," అంది ఏడుస్తూ. "వింటున్నారు కదండీ? రండి. ఒక్కసారి రండి."

ఉదయ్ కళ్ళు మూసుకున్నాడు. చలపతి తిరిగొచ్చిన అడుగుల చప్పుడయింది, తుపాకీ పేలింది. ఆ వెంటనే లాప్‌టాప్ తెరుచుకున్న చప్పుడు.

"గో!" అంది ఉమాశ్రీ.

తలుపు విరిగేసరికి స్క్రీన్ మీద ఒక ఊరి పేరు, దాని కింద పాస్‌వర్డ్, ఎంటర్ మీదికి వంగుతున్న మార్టిన్ వేలు. ఉదయ్ ఆ చేతిని కాల్చాడు. లాప్‌టాప్ జారి సాంబారు గిన్నెలో పడింది. వాల్వు తెరుచుకోలేదు. ఆ ఊళ్ళో జనం ఏమీ తెలియకుండా మధ్యాహ్నం కునుకు తీస్తున్నారు.

చలపతి బేడీలకి చేతులు చాపుతూ విస్తరి మీద వాలిపోయిన మధులతని చూశాడు.

"సగం కూడా తినలేదండి పాపం," అన్నాడు.

ఉదయ్ అతన్ని కొట్టడానికి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి దించేసుకున్నాడు. కొట్టే అర్హత తనకి ఉందనిపించలేదు.

ఫోన్ మోగింది.

"శభాష్! సాయంత్రానికల్లా రిపోర్టు పంపించండి," అంది ఉమాశ్రీ. "మధులతని ఎవరు చంపారన్న చోట చలపతి పేరు రాయండి."

"ఒక్క పేరేనాండీ?" అన్నాడు ఉదయ్.

"ఒక్కటే. టైపు మాత్రం విండోస్‌లో చెయ్యండి, కవల పుట్టకుండా."