చల్లని పాదం

తాయారు, మంచం మీదున్న పాప లోవ కనురెప్ప ఎత్తి రెండో కంట్లోకి కూడా వెలుగు వేసింది. కనుపాప కదల్లేదు. దూదిపోగుతో కంటిగుడ్డును తాకింది, చెవిలో చల్లటి నీళ్ళు పోసింది. ఒక్కొక్క పరీక్షకీ గోడలోంచి నిర్ణేత యంత్రం "స్పందన లేదు" అని ఒకే గొంతుతో చెబుతూ నమోదు చేసుకుంటోంది.

ఏడేళ్ళ లోవ జలాశయంలో పడి మూడు రోజులైంది. ప్రాణం పోయిందని నిన్న మొదటి సాక్షి వేలు పెట్టి వెళ్ళాడు. ఇవాళ తాయారుది రెండో సాక్ష్యం. ఇక మిగిలింది విరామ పరీక్ష: ఊపిరి ఆడించే శ్వాసికను ఆపి, పాప తనంతట తాను ఊపిరి తీస్తుందేమోనని పది నిమిషాలు చూడటం. తీయకపోతే తాయారు మంచం పక్క తెర మీది గడిలో బొటనవేలు పెడుతుంది. ఆ తర్వాత శ్వాసికను మళ్ళీ నడపరు. ఒళ్ళు చల్లబడితే మెదడు మొద్దుబారి, ఉన్న ప్రాణం కూడా లేనట్టే కనిపిస్తుంది. అందుకని వేడి ముప్ఫై ఆరు డిగ్రీలు దాటాలన్నది నియమం. మంచం పైనున్న ఉష్ణనేత్రం ముప్ఫై ఆరున్నర చూపిస్తోంది.

పూర్వం సాక్షులు పాదం పట్టేవారు. వేలు పెట్టేముందు బిడ్డ పాదాన్ని అరచేతుల్లోకి తీసుకుని నూరు లెక్కపెట్టేవారు. ఉష్ణనేత్రం వచ్చాక అదంతా చాదస్తమైపోయింది. తాయారు అందరికంటే ముందే మానేసింది.

లోవ తండ్రి నూకరాజు మాత్రం పొద్దుటి నుంచీ ఆ పాదం వదల్లేదు.

"అమ్మా, పాప కాలు సల్లగా ఉందేటమ్మా?"

కాళ్ళు చల్లబడటం మామూలేనని చెప్పబోయి తాయారు ఆగిపోయింది. మార్చిలో సలోమికి సరిగ్గా ఈ మాటే చెప్పింది. సలోమి కొడుకు మోజేసుకి ఐదేళ్ళు. తాయారు వేలు పెట్టాక, ఒళ్ళు తుడవడానికి ఆయా వెచ్చదుప్పటి తీసేసరికి నేత్రంలో అంకె రెండున్నర డిగ్రీలు పడిపోయింది. పోయిన ప్రాణం, చల్లారుతుంది కదా అని తాయారు తనకు తాను సర్దిచెప్పుకుంది. ఏ ఒళ్ళూ రెప్పపాటులో అంత చల్లారదని ఆమెకు తెలుసు. తెలిసీ నాలుగు నెలలు నోరు మెదపలేదు. తప్పు చేశానన్న బాధ కన్నా అది బయటపడలేదన్న ఊరటే ఎక్కువగా ఉన్నందుకు, అద్దంలో తన మొహం తాను చూసుకోలేకపోయేది.

ఇప్పుడు తాయారు లోవ రెండో పాదం పట్టుకుంది. నూరు దాకా అక్కర్లేకపోయింది. దుప్పటి తీసింది. ముప్ఫై నాలుగు. మళ్ళీ కప్పింది. ముప్ఫై ఆరున్నర. ఇన్నాళ్ళూ నేత్రం కొలిచింది దుప్పటి వేడిని.

వేలు పెట్టడం కాక గడి మీద ఇంకో రెండు దారులున్నాయి: వాయిదా, అసమ్మతి. వాయిదాకి కారణం చెప్పక్కర్లేదు. పాపను నిజంగా వెచ్చబరిచి రేపు మళ్ళీ చూడొచ్చు, మోజేసు సంగతి ఎవరికీ తెలియకుండా ఉండిపోతుంది. అసమ్మతికి కారణం చెప్పి తీరాలి. చెబితే ఈ నేత్రాల కింద వెలువడిన తీర్పులన్నీ తిరగదోడతారు.

ఆమె వేలు వాయిదా దాకా వెళ్ళింది. నూకరాజు చొక్కా పైకెత్తి, పాప పాదాన్ని పొట్టకి ఆనించుకుని వెచ్చబెడుతున్నాడు. సలోమికి ఆ పాటి అవకాశం కూడా దక్కలేదు. వేళ మించిపోతోందని ఆమెను పక్కకి తప్పించింది తాయారే.

తాయారు అసమ్మతి నొక్కి కారణం చెప్పింది. వార్డులోని పన్నెండు మంచాల గడులూ ఒకేసారి పసుపురంగుకు తిరిగాయి. ఇక ఎవరి వేలూ చెల్లదు.

"బతికున్నట్టేనా అమ్మా?" అన్నాడు నూకరాజు.

"తెలీదు నాయనా. పాపని మేమింకా సరిగ్గా అడగనేలేదు."

నిర్ణేత అదే గొంతుతో అడిగింది. "ఈ లోపం మీ దృష్టికి రావడం ఇదే మొదటిసారా?"

అవునంటే సరిపోయేది.

"కాదు. మార్చి నెల, పదకొండో మంచం, మోజేసు. కాలు చల్లగా ఉందని వాళ్ళమ్మ నాతో చెప్పింది."

"ఆ కుటుంబానికి సమాచారం పంపమంటారా?"

"వద్దు," అంది తాయారు. "నేనే వెళ్ళి చెబుతాను."