తెగిపోయిన ‘వద్దు’

శాస్త్రవేత్త రైల్వే స్టేషన్ మెట్ల మీద కూలిపోయాడు. తుపాకీకి సైలెన్సర్ ఉంది. ఆయన చేతిలోని గొడుగు టకటకమంటూ కిందికి దొర్లుకుంటూ పోయాక గానీ జనం తలతిప్పి చూడలేదు.

క్షిపణి నమూనాల్ని విదేశీ ముఠాకి అమ్ముతున్నదెవరో ఆయన కోర్టులో చెప్పాల్సి ఉంది. మెట్ల దగ్గర హంతకుడు కాపు కాశాడన్న సంగతి సీక్రెట్ బ్యూరో కంట్రోల్ రూమ్‌కి ముందే తెలిసింది. చీఫ్ స్వయంగా మైక్ అందుకుని, “కుడి మెట్లు దిగవద్దు” అని బాడీగార్డుకి చెప్పాడు. బాడీగార్డు ఇయర్‌పీస్‌లోకి “కుడి మెట్లు దిగ...” వరకే వచ్చింది. తర్వాతంతా గరగర. దిగమన్నారనుకుని అతను శాస్త్రవేత్తని అటే నడిపించాడు.

బాడీగార్డుని ద్రోహి అన్నారు. లాకప్‌లో పెట్టారు. అతని చెల్లెలు కూడా ఆ బ్యూరోలోనే ఏజెంట్. కోడ్ నేమ్ ‘ముల్లు’.

ఆమె లాకప్‌కి వెళ్లేసరికి అతను గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసిపోయింది. చెల్లెల్ని చూసి లేవబోయి, మళ్లీ కూలబడ్డాడు.

“నువ్వు కూడా నమ్మట్లేదా?” అన్నాడు.

“నమ్మకపోతే ఇంత దూరం ఎందుకొస్తాను అన్నయ్యా? ఏం వినపడిందో ఉన్నదున్నట్టు చెప్పు.”

అతను చెప్పాడు. ఆమె మళ్లీ చెప్పించుకుంది. మాట ఎక్కడ తెగిందో గుర్తుపెట్టుకుని, అక్కడి నుంచి నేరుగా చీఫ్ గదికి వెళ్లింది.

గదిలో ఇంకొకామె ఉంది. బ్యూరో నెట్‌వర్క్‌ని ఆడిట్ చేయడానికి వచ్చిన కన్సల్టెంట్. మెడలో ముత్యాలు, తేనె పూసిన గొంతు, ఆమె నడిచొస్తే టైపిస్టులు టైపింగ్ ఆపేసేవారు. అందరూ ముత్యాల మేడమ్ అనేవాళ్లు. లైన్‌లో లోపమే లేదని ఆమె రిపోర్ట్ ఇచ్చింది. ఎన్నిసార్లు టెస్ట్ చేసినా మాటని మోసుకెళ్లే ప్యాకెట్లలో ఒక్కటి కూడా పడిపోలేదట. అంటే బాడీగార్డు అబద్ధమాడుతున్నట్టేనని చీఫ్ తేల్చేశాడు.

ఆ టెస్టులు ఏ వేళలో చేశారని ముల్లు అడిగింది. తెల్లవారుజామున, లైన్ ఖాళీగా ఉన్నప్పుడని మేడమ్ నవ్వుతూ చెప్పింది. ఖాళీ రోడ్డు మీద ట్రాఫిక్ జామ్ ఎలా కనపడుతుందని ముల్లు మళ్లీ అడిగింది. మేడమ్ నవ్వు కొంచెం బిగుసుకుంది.

చీఫ్ విసుక్కున్నాడు. రక్తసంబంధం ఉన్న కేసులో వేలు పెట్టొద్దనీ, సెలవు మీద వెళ్లమనీ ఆర్డర్ వేశాడు.

“వెళ్లను సార్,” అంది ముల్లు. “మా అన్నయ్య చెవిటివాడూ కాదు, ద్రోహీ కాదు. అది తేలేదాకా కదలను.”

“అయితే ఐడీ కార్డు ఇక్కడ పెట్టు.”

ఆమె కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

మర్నాడు ఉదయం శాస్త్రవేత్త శిష్యురాలు సాక్ష్యం చెప్పడానికి కోర్టుకి బయలుదేరుతోంది. ఆమెకీ అదే లైన్, అదే కంట్రోల్ రూమ్. చీఫ్ వినడు కాబట్టి ముల్లు తన దారి తాను చూసుకుంది. నీలం ఓవరాల్ వేసుకుని, టోపీ కళ్ల మీదికి లాక్కుని, నిచ్చెన భుజాన వేసుకుని, చేత్తో గ్యాస్ సిలిండర్ పట్టుకుని ఏసీ మెకానిక్‌లా బేస్‌మెంట్‌లోకి దిగింది. రౌటర్ల గది చల్లగా లేదని ఎవరో కంప్లైంట్ ఇచ్చారని కాపలావాడితో గొణిగింది. అతనికీ చెమటలు పడుతున్నాయి. పాపం, తలుపు తనే తీశాడు.

లోపల ఫ్యాన్ల హోరు. గ్యాస్ సిలిండర్ అడుగు మర తిప్పి, అందులోంచి అరచేయంత కంప్యూటర్ బయటికి తీసింది. కేబుల్ రౌటర్‌కి తగిలించింది. రౌటర్ పాస్‌వర్డ్ ఫీల్డ్ ఏజెంట్లందరికీ తెలుసు. కార్డు లాక్కున్నవాళ్లకి దాన్ని మార్చాలన్న ఆలోచన రాలేదు.

మాట చిన్నచిన్న ప్యాకెట్లుగా తెగి లైన్‌లో వెళుతుంది. ‘వాయిస్’ అని ముద్ర ఉన్న ప్యాకెట్లని రౌటర్ ప్రయారిటీ క్యూలో పెట్టి, అన్నిటికన్నా ముందు పంపిస్తుంది. అయితే ఆ క్యూకి ఒక హద్దు ఉంటుంది. లైన్ ఖాళీగా ఉంటే రౌటర్ ఆ హద్దుని పట్టించుకోదు. రద్దీ పెరిగితే మాత్రం హద్దు దాటిన ప్యాకెట్లని నిర్దాక్షిణ్యంగా పారేస్తుంది. ముల్లు క్యూని తెరిచి చూసింది. నాలుగు ఫోన్ల మాటలుండాల్సిన చోట ఒక నది పారుతోంది. సీసీ కెమెరాల బ్యాకప్ మొత్తానికి ఎవరో వాయిస్ ముద్ర కొట్టారు. దొంగ వీడియో క్యూ నిండా కూర్చుంటే, అసలు మాట క్యూ బయట రాలిపోతోంది. ఆ ముద్ర వేయమన్న కమాండ్ ముత్యాల మేడమ్ లాగిన్ నుంచే వచ్చింది.

ముల్లు ఆ రౌటర్ల గదిలోని ఇంటర్‌కమ్‌లో చీఫ్‌కి చెప్పబోయింది. అదీ తెగిపోయింది. స్పీకర్‌లో కంట్రోల్ రూమ్ మాటలు ముక్కలుగా వస్తున్నాయి. సాక్షి కారు బయలుదేరింది. వంతెన కింద వ్యాన్‌లో తుపాకులు కనిపించాయని నిఘా మనిషి చెబుతున్నాడు. లైన్‌ని నింపేసే మీట ఏదో మేడమ్ ఎక్కడి నుంచో నొక్కినట్టుంది. లైన్ ఒక్కసారిగా కిక్కిరిసిపోయింది. పడిపోతున్న ప్యాకెట్ల లెక్క స్క్రీన్ మీద పరుగెడుతోంది.

ప్రయారిటీ క్యూ హద్దు పెంచుదామని మొదట అనిపించింది. కానీ ఎంత పెంచినా ఆ చోటునీ వీడియోయే మింగేస్తుంది. మొదలు నరకాలి. కెమెరా పోర్ట్ నుంచి వచ్చే ముద్రని నమ్మవద్దని, ఆ ప్యాకెట్లని మామూలు క్యూలో నిలబెట్టమని కమాండ్ కొట్టింది. ఇంకా ఎంటర్ నొక్కలేదు.

“చెయ్యి తియ్యి.”

వెనక తలుపు దగ్గర మేడమ్. ఒక చేతిలో పౌడర్ డబ్బా, అద్దం ఉండాల్సిన చోట ఆ మీట, దాని మీద ఎర్రదీపం వెలుగుతోంది. ఇంకో చేతిలో పిస్తోలు. గొంతులో తేనె లేదు.

“పాపం మీ అన్న మంచివాడే,” అంది. “నువ్వు కూడా మంచిదానిలా సెలవు తీసుకుని ఉండాల్సింది. ఇప్పుడైనా మించిపోలేదు. అవతలివాళ్లు నీలాంటివాళ్లకి బాగా ముట్టజెబుతారు.”

“నేను అమ్ముడుపోతే మా అన్నయ్యకి ఏం చెప్పమంటావు?”

“చెయ్యి తియ్యమన్నాను.”

“తీస్తున్నా,” అంది ముల్లు. తీస్తూ తీస్తూ చిటికెనవేలితో ఎంటర్ నొక్కింది.

తుపాకీ పేలింది. అప్పటికే ముల్లు కాలు నిచ్చెనని తన్నింది. గుండు గోడలో దిగింది, నిచ్చెన మేడమ్ భుజం మీద పడింది, ముత్యాలు తెగి గదంతా జలజలా దొర్లాయి. పిస్తోలు కోసం ఇద్దరూ పెనుగులాడుతుండగా స్పీకర్‌లో చీఫ్ గొంతు గాజుపలకలా స్పష్టంగా పలికింది.

“వంతెన కిందికి వెళ్లవద్దు. మళ్లీ చెబుతున్నా, వెళ్లవద్దు. వెనక్కి తిప్పు.”

వంతెన నీడ బానెట్ మీద పడబోతుండగా కారు టైర్లు కీచుమన్నాయి. డ్రైవర్ వెనక్కి తిప్పాడు. వ్యాన్‌లోని వాళ్లు బయటికి దూకేసరికి బ్యూరో మనుషులు చుట్టుముట్టారు.

బేస్‌మెంట్‌లో పిస్తోలు ముల్లు చేతికి చిక్కింది, మేడమ్ లాగిన్ నుంచి వచ్చిన కమాండ్‌ని చీఫ్ కళ్లారా చూశాడు. మధ్యాహ్నానికి అన్నయ్య లాకప్ నుంచి బయటికొచ్చాడు. చెల్లెలి తల మీద చెయ్యి వేసి, చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఇద్దరూ కళ్లు తుడుచుకోలేదు.

చీఫ్ కార్డు తిరిగి ఇవ్వబోయాడు. మా అన్నయ్యకి అందరి ముందూ క్షమాపణ చెప్పాకే తీసుకుంటానని ఆమె తెగేసి చెప్పింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. చెప్పాడు.

సంకెళ్లతో బెంచీ మీద కూర్చున్న మేడమ్, లాయరుకి ఫోన్ చేసుకునే హక్కు తనకుందని, వెంటనే ఫోన్ ఇవ్వాలని డిమాండ్ చేసింది.

“తప్పకుండా ఇస్తారు,” అంది ముల్లు. “కాకపోతే ఈ లైన్‌లో మీకు ప్రయారిటీ తీసేశాను. క్యూలో కూర్చోండి.”