ఆరు కాళ్ళ నడక

షికారీ అనే గుర్రం ముందుకాలు గుర్రాల నడక కొలిచే నా చాప మీద పడగానే గదిలో దీపాలన్నీ వణికాయి. అంతటి యంత్రం మరి. ఢిల్లీలో గుర్రం కుంటితే హైదరాబాదులో నా చాప ఉలిక్కిపడుతుందని జనం చెప్పుకునేవారు. నేను కాదనలేదు.

సంగతి సులువే. నొప్పి ఉన్న ముందుకాలు మోపేటప్పుడు గుర్రం తల పైకెత్తుతుంది, బరువు మిగతా కాళ్ళ మీదికి నెట్టేస్తుంది. చాపలోని సెన్సర్లు ఒక్కో గిట్ట కింది బరువునూ, పైనున్న కెమెరా తల ఊపునూ పడితే, ఏ కాలు, ఎంత నొప్పి అన్నది యంత్రం పైకే చెప్పేస్తుంది. మనుషుల్ని నమ్మలేం గనక ఆ ఫలితం ఎవరి చెయ్యీ తగలకుండా నేరుగా రేసు క్లబ్‌కు పోయేటట్టు చేశాను. అందుకు నాకు కప్పిన శాలువలతో మూసీ మీద వంతెన కట్టొచ్చు.

కుంటిదైన గుర్రాన్ని క్లబ్ ఎవరికైనా సాకడానికి ఇచ్చేస్తుంది. బాగైతే వెనక్కి తీసుకుంటుంది. షికారీని అలా తెచ్చుకున్నది లాలవ్వ. క్లబ్ గుర్రాలు చూసుకున్న భర్త మల్లయ్య పోయాక తన రేకుల షెడ్డులో మిగిలింది ఆవిడా, షికారీయే. ఆవిడ తుంటి విరిగి అతికిన మనిషి, ఎడమకాలు ఈడ్చేది. గుర్రమూ కుంటుతోందని ఏళ్ళ తరబడి దాని కాలికి కాపడం పెట్టింది, నాడాలు మార్పించింది. తగ్గలేదు.

చాప ఎక్కించే ముందు నా చెయ్యి పట్టుకుంది.

"నొప్పున్నదా లేదా నా చెవుల చెప్పు డాక్టర్ సాబ్. మిషన్‌తోని చెప్పియ్యకు."

"నా మిషన్‌కు గుసగుసలు రావవ్వా."

ఆవిడ గుర్రాన్ని వెనక్కి తిప్పింది. అది రెండడుగులు కుంటింది. లాలవ్వ ఆగి, దాని కాలు వైపే చూసింది.

"దానికి నొస్తుంటే నేనెట్ల ఊకుంట? పెట్టు."

దాని భుజానికి ఆనుకుని, జూలు పట్టుకుని తనూ చాప మీద నడిచింది. యంత్రం గొంతు విప్పింది: "కాళ్ళు ఆరు. కుంటు లేదు."

నా నవ్వుకు చార్మినార్ పావురాలు లేచిపోయి ఉంటాయి. ఆవిణ్ణి పక్కకు జరగమన్నాను. షికారీ ఒంటరిగా, చక్కగా నడిచింది. "కాళ్ళు నాలుగు. నొప్పి సున్నా."

అది కుంటడం లేదనీ, తన అడుగు ఆవిడ అడుగంత చేసుకుని ఆవిడ బరువు మోస్తోందనీ వివరించాను. లాలవ్వ చాలాసేపు దాని మెడ నిమిరింది.

"ఇన్నేండ్లు నా కుంటుకు దాని కాలికి కాపడం పెట్టిన్నా?"

మేం చాయ్ తాగకముందే క్లబ్ వ్యాన్ వచ్చింది.

వానలు వెలిశాక ఆవిడ ఒక్కతే వచ్చింది, గోడ పట్టుకుంటూ. షికారీ గాలిని కూడా ఓడిస్తోందని గర్వంగా చెప్పాను. తల ఊపింది. దాని అడుగులు ఈ చాపకు యాదికున్నాయా అని అడిగింది. నా యంత్రం ఒకసారి చూసిన నడకను చచ్చినా మరవదన్నాను. చెప్పులు విప్పి, కుడిచెయ్యి గాల్లోకి చాచి, ఆ చివరినుంచి ఈ చివరికి నడిచింది.

"పాత నడకే," అంది యంత్రం. "కాళ్ళు రెండు. నాలుగు కనబడడం లేదు."

లాలవ్వ చెప్పులు వేసుకుంది.

"మంచి మిషనే సాబ్. తప్పు చెప్పదు."