సగం వేగంలో అన్నయ్య

ఆ అమ్మాయి మా షాపులోకి వచ్చినప్పుడు నేను ముందు చూసింది మొహాన్ని కాదు, టీషర్టుని. నల్లటి గుడ్డ మీద తెల్లగా ఏదో హెవీ మెటల్ పాటల బ్యాండ్ పేరు. అది పేరో, ముళ్ళకంపో తెలియలేదు. బయట వాన దంచికొడుతోంది. ఆమె జుట్టు నుంచి నీళ్ళు కారి గుమ్మంలో మడుగు కడుతున్నాయి.

"అది పేరాండీ, సిరా ఒలికిందా?" అన్నాను. నా నోరు అలాంటిది. బుర్రకి కబురు పెట్టకుండానే బయల్దేరుతుంది.

ఆమె నన్ను చూసింది. నా వెనక గోడ మీది పోస్టర్లను చూసింది. బిగుతు ప్యాంట్లు, భుజాల దాకా జుట్టు, గిటార్లు పైకెత్తిన పాతకాలం హార్డ్ రాక్ వీరులు వాళ్ళు.

"నేను కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేస్తాను. అక్షరాలు కనిపించకపోతే ఒకసారి రండి, తాతగారూ."

"తాతగారా?"

"గోడ చూస్తే వయసు తెలిసిపోతోందిగా."

లోపల మామయ్య దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు. పాత టేప్‌రికార్డర్లు, ఆంప్లిఫయర్లు బాగుచేసే ఆ షాపు మామయ్యదే. నేను అందులో పనివాణ్ణి, మేనల్లుణ్ణి, తిట్లు తినేవాణ్ణి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాటంటే గిటారు పరుగెత్తాలి. పాడేవాడు గొంతు చించుకున్నా సరే, మాట మాత్రం తెలియాలి. ఇప్పటి మెటల్లో సగం మంది పంటినొప్పితో మూలుగుతున్నట్టు పాడతారు. మిగతా సగం మందికి నిద్ర సరిపోలేదు. ఇది ఎవరు అడిగినా చెబుతాను, అడగకపోయినా చెబుతాను.

ఆమె సంచిలోంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కేసెట్ తీసింది. "దీన్ని కంప్యూటర్లోకి ఎక్కించాలి. శనివారం లోపు."

"ఏమంత తొందర?"

"ఆదివారం ఇల్లు మారుతున్నాం. ఇది కొత్తింట్లో అడుగు పెట్టడానికి వీల్లేదని అమ్మ తెగేసి చెప్పింది." కవరు మీది తడి తుడిచింది. "మా అన్నయ్యదండీ. వాడు పోయాడు. వానలో బైక్ జారి. నేనప్పుడు చాలా చిన్నదాన్ని. మొహం ఫొటోల్లో ఉంది. గొంతే గుర్తు లేదు. ఎంత గుర్తు చేసుకుందామన్నా రావట్లేదు. ఎక్కడైనా ఉంటే ఇందులోనే ఉండాలి."

"మీరు వినలేదా?"

"చిన్నప్పట్నుంచీ దొంగచాటుగా వింటూనే ఉన్నా. ఒక వైపు గిటారు. రెండో వైపు..." ఆమె గొంతు తగ్గింది. "అది అన్నయ్య కాదండీ. మనిషే కాదేమో."

నా వేళాకోళం అక్కడే ఆగిపోయింది. కేసెట్ పెట్టాను.

మొదటి వైపు గిటారే, వెనక డ్రమ్ము. బరువుగా, నిదానంగా, నేలలోంచి వస్తున్నట్టు. ఆమె కళ్ళు మూసుకుని మెల్లగా తల ఊపింది. "విన్నారా? ఇప్పుడు అందరూ ఎగబడే స్లో మెటల్‌ని మా అన్నయ్య అప్పుడే వాయించాడు. నాకు ఈ పిచ్చి పట్టింది దీనివల్లే."

"బీరువా మోసుకుంటూ మెట్లెక్కుతున్నట్టుంది."

"అదేనండీ అందం!"

కేసెట్ తిప్పి పెట్టాను. కాసేపు బుసమన్న శబ్దం. తరవాత ఒక గొంతు వచ్చింది. లావుగా, మాటల్ని బయటికి అనడం మాని లోపలికి మింగుతోంది. మధ్యలో ఎవరో ఎక్కిళ్ళు పెట్టి ఏడుస్తున్నారు. ఆ వెనక, బాగా దూరంగా ఇంకో గొంతు. బొంగురుగా, కోపంగా, ఒకే మాటని పదే పదే అంటోంది. ఎవరినో పిలుస్తోందని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. పైన ట్యూబ్‌లైట్ రెండుసార్లు కొట్టుకుంది.

"ఆపరా!" మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఆపమన్నానా!"

ఆపాను. వాన చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది.

"అన్నయ్య పోయిన నెలకి అమ్మ ఇది విన్నది," అందామె. "ఒక్కసారే. వాడి పాటలకి ఏవో ఇంట్లోకి వచ్చాయని, ఆ దూరంగా పిలిచేదే వాణ్ణి తీసుకుపోయిందని అమ్మ నమ్మకం. అప్పట్నుంచీ మా ఇంట్లో పాట లేదు. వాడి గదికి తాళం."

*

మర్నాడు పొద్దున్నే మామయ్య రాకముందు మళ్ళీ విన్నాను. రెండో వైపు కాదు, అంత ధైర్యం లేదు. మొదటి వైపే. అందులో ఏదో నన్ను తొలుస్తోంది. డ్రమ్ము మీద దెబ్బ పడితే మోత ఠక్కున ఆగాలి. ఇందులో అది సాగుతోంది. ఏ డ్రమ్మూ అలా సాగదు.

అప్పుడు వెలిగింది. వెంటనే ఆమెకి ఫోన్ చేశాను.

"మీ అన్నయ్య దగ్గర కేసెట్ పెట్టే మెషీన్ ఏదైనా ఉండేదా? ముందర నాలుగు మీటలు, పైకీ కిందకీ జరిగేవి?"

"ఉంది. గదిలో, దుప్పటి కింద. ఎందుకు?"

"బ్యాండ్ వాళ్ళు ఇంట్లో పాటలు రికార్డు చేసుకునే మెషీన్ అది. మామూలు టేప్‌రికార్డర్‌కి టేపు వెడల్పులో సగం ఒక వైపుకి, సగం రెండో వైపుకి. దానికి అలా కాదు, వెడల్పంతా ఒకే వైపు, రెట్టింపు వేగంతో. అందులో చేసింది మామూలు దాంట్లో వేస్తే అంతా సగం వేగంలో వస్తుంది. తిప్పి పెడితే సగం వేగమే కాదు, తిరగబడి కూడా వస్తుంది."

"అయితే ఆ గొంతులు?"

"తిన్నగా వింటేగానీ నాకూ తెలీదు. కంప్యూటర్లోనే తిప్పొచ్చు. కానీ మీ అమ్మగారు నమ్మరు, నేనేదో కలిపానంటారు. ఆ మెషీన్లోంచే రావాలి. నేను వస్తాను."

అందులో సగమే నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆమెని మళ్ళీ చూడాలి.

*

శనివారం మధ్యాహ్నం వానలో తడుస్తూ వెళ్ళేసరికి వాళ్ళింట్లో ఎటు చూసినా అట్టపెట్టెలే. అమ్మగారు తలుపు తీసి నన్ను పైనుంచి కిందకి చూశారు.

"నువ్వేనా టేపుల అబ్బాయివి? చూడు బాబూ, ఆ మెషీన్ బాగుచేసుకో, కావాలంటే పట్టుకుపో. నా చెవిన మాత్రం పడనీకు. మా అమ్మాయికి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది."

తాళం తిప్పగానే గదిలోంచి చల్లటి గాలి మొహానికి తగిలింది. కిటికీలు మూసే ఉన్నాయి. మంచం, మడత పెట్టిన దుప్పట్లు. మూలన గోడకి ఆనించిన నల్ల గిటారు. దానికి ఒక్క లావు తీగే మిగిలింది. బల్బు వెలగలేదు. ఆమె ఫోన్ లైటు పట్టుకుంటే నేను మెషీన్ విప్పాను. లోపల రబ్బరు బెల్టు కరిగి నల్ల జిగురైపోయింది.

"ఛీ, ఏంటిది?"

"పట్టుకోకండి, అంటుకుంటుంది."

పట్టుకుంది. ఆమె వేలు నా వేలికి అంటుకుపోయింది. ఇద్దరం లాగాం. రాలేదు. ఎందుకో ఇద్దరం అంత గట్టిగానూ లాగలేదు.

"మీ చెయ్యి వణుకుతోంది, తాతగారూ."

"చలి."

"నుదుటి మీద ఆ చెమటేంటి మరి?"

కొత్త బెల్టు వేసి మోటారు తిప్పి చూశాను. గుర్రుమంది. ఆ వెంటనే మూలన గిటారు తీగ తనంతట తానే మోగింది. సన్నగా, ఆగకుండా. ఆమె నా చొక్కా చేతిని పిడికిట్లో పట్టేసుకుంది.

"మోటారు మోతకి తీగ కదులుతుంది. సైన్స్," అన్నాను.

"మరి మీ గొంతు ఎందుకు కీచుమంటోంది?"

మోటారు ఆపాను. తీగ ఆగింది.

కేసెట్ చేతిలోకి తీసుకుంటే ఆమె నా మణికట్టు పట్టుకుంది. "ఇందులో అన్నయ్య లేకపోతే?" కళ్ళలో నీళ్ళు. "ఇంకెక్కడా ఉండడు. నాకు భయంగా ఉంది."

"నాకూ భయంగానే ఉంది. కలిసి విందాం."

కేసెట్ పెట్టి మొదటి రెండు మీటలు పైకి జరిపాను. ఒక్కసారిగా గిటారు పరుగందుకుంది. గది అదిరింది. నిదానం లేదు, బరువు లేదు, పాతకాలం హార్డ్ రాక్, నా గోడ మీది వీరులు ఎగిరి గంతేసే హార్డ్ రాక్. నాకు తెలియకుండానే నవ్వేస్తున్నాను.

ఆమె నోరు తెరిచింది. "ఇదేంటి?"

"మీ అన్నయ్య. మా పార్టీయే!"

"అయితే ఇన్నేళ్ళూ నేను ప్రేమించింది..." నవ్వో ఏడుపో తెలియకుండా ఉంది ఆమె మొహం. "అసలు లేని పాటనా?"

"ఎందుకు లేదు? వాయించింది ఆయనే, సగం వేగంలో విన్నది మీరు. ఆ రెండో పాట మీ ఇద్దరిదీ."

ఆమె నన్ను అలా చూడటం అదే మొదలు. నేను తల దించుకుని ఆ రెండు మీటలూ కిందకి జరిపి, గొంతులుండాల్సిన మిగతా రెండింటి మీద వేళ్ళు పెట్టాను. మెల్లగా పైకి జరిపాను. బుసమంది. చాలా ఏళ్ళు చుట్టి ఉంచిన టేపులో మాట రాకముందే దాని నీడ వినిపిస్తుంది. ముందు ఆ నీడ వచ్చింది, ఎవరో గోడవతల గుసగుసలాడినట్టు. వెంటనే అసలు గొంతు.

"నవ్వకే! టేపు తిరుగుతోంది!"

కుర్రవాడి గొంతు. కొంచెం బొంగురు, చాలా అల్లరి. ఎక్కిళ్ళనుకున్నది చిన్నపిల్ల కిలకిల. నా పక్కన ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది.

"సరే, విను. పెద్దయ్యాక నువ్వు ఎవణ్ణో ఒకణ్ణి ఇంటికి తెస్తావుగా. ముందు వాడికి ఈ పాట వినిపించు. తల ఊపాడా, మనవాడు. ఊపలేదా, గెంటెయ్. నేను ఇక్కడే కూర్చుని చూస్తుంటా."

కిలకిల. ఆ తరవాత దూరం నుంచి ఆ మూడో గొంతు.

"ఒరే! భోజనం చల్లారిపోతోంది, రారా! ఎన్నిసార్లు పిలవాలి?"

"వస్తున్నానమ్మా! ఒక్క పాట!"

గుమ్మం దగ్గర ధబ్బుమని చప్పుడైంది. అమ్మగారు. చేతిలోని అట్టపెట్టె కింద పడి ఉంది.

"అది నేను," అన్నారామె. "వాణ్ణి పిలిచింది నేనే. భోజనానికి." వచ్చి మంచం అంచున కూలబడ్డారు. "నా గొంతుకేనటే నేను భయపడ్డది? ఇన్నాళ్ళూ?"

కూతురు వెళ్ళి ఆమె ఒళ్ళో తల పెట్టేసింది. ఆ ఇంట్లో తిరిగిన దయ్యాలు ఆ ముగ్గురే. కొడుకు, తల్లి, కిలకిల నవ్విన చిన్నపిల్ల. నా కళ్ళు కూడా మండుతున్నాయి. బెల్టు జిగురు వల్ల అనుకోండి.

"మళ్ళీ పెట్టు బాబూ," అన్నారు అమ్మగారు. "గట్టిగా పెట్టు."

పెట్టాను. పాట సగంలో అమ్మగారు కళ్ళు తుడుచుకుని నన్నే చూస్తున్నారు. "అమ్మాయ్, ఆ అబ్బాయి తల చూడవే."

అప్పుడు గమనించాను. ఊగుతోంది. మెడ నెప్పెట్టేలా ఊగుతోంది.

"ఎంతసేపట్నుంచి ఊపుతున్నావు నువ్వు?" అందామె. ఆ 'నువ్వు' నేను విన్నాను. వాళ్ళమ్మా విన్నారు.

"మొదటి దెబ్బ నుంచీ. మీ అన్నయ్య ఆ మాట అనకముందు నుంచీ." నా నోరు మళ్ళీ బుర్రని అడగలేదు. "నువ్వంటే ఇష్టం. ఆ ముళ్ళకంప టీషర్టుతో సహా."

"తాతగారికి నచ్చిందంటే వింతే." తల పక్కకి తిప్పుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. "నాకూ ఇష్టమే. గోడ మీది పోస్టర్లతో సహా."

"ఇంకేం," అన్నారు అమ్మగారు, "వాడు ఒప్పుకున్నాడుగా. నాదేముంది? ఆ కేసెట్, ఆ గిటారు కొత్తింటికి వస్తున్నాయి. నువ్వూ లేచి చేతులు కడుక్కో బాబూ, మూడు కంచాలు పెడతాను."

పాట అయిపోయింది. మెషీన్ ఆపి ప్లగ్గు పీకి, వైరు చేతికి చుట్టుకుంటున్నాను. మూలన గిటారు తీగ మోగింది.

సన్నగా, ఆగకుండా. మోటారు లేదు, మోత లేదు. వాన కూడా ఎప్పుడో ఆగిపోయింది. ఆమె నా వైపు చూసింది, సైన్స్ అంటానేమోనని. నేను అనలేదు. ఆమె చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాను.

అమ్మగారు భయపడలేదు. గుమ్మంలోంచి ఆ మూలకి తిరిగి, రోజూ పిలిచే గొంతుతో కొంచెం విసుగ్గా అన్నారు.

"పాట అయిపోయిందిగా. ఇంక రారా, చల్లారిపోతోంది."

తీగ ఆగింది. అమ్మగారు వంటింట్లోకి వెళ్ళి నాలుగు కంచాలు పెట్టారు.